మా అమ్మ కుట్టిన బొంత

నేను వ్రాయదలచుకున్న వ్యాసం ఇది కాదు. "బొంత: శ్రామిక స్త్రీల కళ" అనే పేరుతో ఒక పరిశీలన వ్యాసం వ్రాసి ఈ పత్రికకు పంపుదామని ఏడాదిగా అనుకుంటూ వచ్చాను. సామగ్రి కూడా కొంత చేర్చుకున్నాను. ఆ వ్యాసం నాలుగు పుటలు నడిచి ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పడమే ఇప్పుడు నా పని.

మా వూరు బూర్గంపాడు వైపు, గోదావరికి కుడి ఒడ్డున వుంది. ఎదర నది, వెనక అడవి. 1956కు ముందు ఈ నది రెండు రాష్ట్రాలకు హద్దు. ఇవతలిది హైదరాబాదు, అవతలి భద్రాచలం తూర్పుగోదావరి జిల్లా. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో వంతెన వచ్చింది. 2014లో పోలవరం ముంపు పేరుతో భద్రాచలం పట్టణాన్ని మాత్రం ఇక్కడ వుంచి, దాని చుట్టూ వున్న పల్లెలనూ, కుకునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు వంటి మండలాలనూ ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. 2016లో మా వైపు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. ఇన్ని గీతలు గీశారు, చెరిపారు. గీసేముందు అక్కడి కోయవారిని ఎవరైనా అడిగారా అన్న ప్రశ్న నేను వేయబోవడం లేదు. అటువంటి ప్రశ్న నన్ను వేరొకరు వేశారు.

ముందు బొంత సంగతి.

బొంత కుట్టడం ఎండాకాలపు పని. మిరపకోతలు ముగిసి, తునికాకు మొదలయ్యేలోగా మావైపు ఆడవాళ్ళకు పది పదిహేను రోజులు కాస్త తీరిక దొరుకుతుంది. అమ్మ పాత నేతచీరలు, పంచెలు ఉతికి ఆరేసి, అంచులు విడిగా చింపి పెట్టుకుంటుంది. ఆ అంచులలోంచి లాగిన నూలే కుట్టుకు దారం. అలికిన నేల ఆరిన తరువాత అడుగుచీర పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, దానిమీద చినిగిన ముక్కలు పేరుస్తుంది. మందం ఎక్కడా తేడా రాకూడదు. అరచేత్తో తడిమి చూసి, పలచగా వున్నచోట మరొక ముక్క వేస్తుంది. పైచీర కప్పి, అంచునుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ దబ్బనంతో లోపలికి కుట్టుకుంటూ వస్తుంది. నేను ఎన్నోసార్లు ఆ కుట్టు పక్కన స్కేలు పెట్టి చూశాను. తేడా కనిపించలేదు.

2017నుంచి కొన్నేళ్ళపాటు ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు కూడా బొంతలలోకి చేరాయి. అవి జారిపోతాయనీ, కుట్టు నిలవదనీ అమ్మ ఫిర్యాదు. "కట్టుకోనీకి రాలే, కుట్టుకోనీకి రాలే" అంటుంది. వాటివల్ల సిరిసిల్ల మరమగ్గాల వారికి కొంతకాలం పని దొరికిందని నేను చెప్పబోయాను. "మంచిదే. వాళ్ళకు పని దొరికింది, నాకు పని పెరిగింది" అన్నది.

"గంతకు తగ్గ బొంత" అని మనకొక సామెత వుంది. సరిపోయిన జంటను చూసి నవ్వడానికి వాడతాము. ఆ నవ్వులో బొంతకు గౌరవం లేదు. సంస్కృతంలో దీనినే కంథ అన్నారు. బెంగాలీలకు కాంథా గౌరవప్రదమైన వస్తువు. జసీముద్దీన్ 1929లో దాని పేరిట ఒక కథాకావ్యమే వ్రాశాడు. మన సాహిత్యంలో బొంత ఎక్కువగా బైరాగి భుజంమీదనే కనబడుతుంది, కుట్టిన స్త్రీ కనబడదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" ప్రకటించి, కావ్యాలలోంచి జనం తిన్నది, కట్టినది, ఆడినది త్రవ్వి తీశారు. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలకు విశ్వవిద్యాలయంలో చోటు సంపాదించారు. వారిద్దరి దయవల్ల పాట పాఠ్యపుస్తకంలోకి వచ్చింది. పాట పాడుతూ చేసిన పని మాత్రం ఇంకా గడప అవతలనే వున్నది. ఎం.ఏ.లో నేను రెండేళ్ళు అలంకారశాస్త్రం చదివాను. ఏ పరీక్షలోనూ బొంత మీద ప్రశ్న రాలేదు.

ఇదంతా నా పాత వ్యాసంలోదే. నాకు బాగా నచ్చిన భాగం మరొకటి వుంది. వినయపిటకంలో ఒక ముచ్చట వస్తుంది. బుద్ధుడు మగధదేశంలో నడిచి వెళుతూ, గట్లతో చతురస్రాలుగా తీర్చిన వరిమళ్ళను ఆనందునికి చూపి, భిక్షువుల చీవరాలు ఆ విధంగా ముక్కలు కలిపి కుట్టగలవా అని అడిగాడట. ఆనందుడు కుట్టి చూపించాడు. అతుకుల బట్టకు మొదటి నమూనా దున్నిన నేల! ఈ సంగతి చదివిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. శ్రమకూ కళకూ వున్న సంబంధానికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలి అనుకున్నాను. ఆ మళ్ళు ఎవరివి అన్న ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

అమ్మ పెరడు ఇరవై సెంట్లు వుంటుంది. పందిరిమీద బీర, సొర, చిక్కుడు. కిందనీడలో బచ్చలి, పసుపు. ఎండ పడేచోట పుంటికూర, మిరప, వంగ. గట్టుమీద ములగ, ఒక మూల ఇప్పచెట్టు. వేసవి తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. వాటిని ఏరి ఎండబెట్టి, వేయించి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచి ముద్దలు చేస్తుంది. వానకాలం మొదట్లో లేత వెదురుకొమ్ములు తరిగి, రెండు నీళ్ళు పారబోసి వండుతుంది. మైదానంలో పుట్టిన మా అమ్మకు ఈ వంటలు పుట్టింటివి కావు. జొన్న గట్కలో ఇప్పపువ్వు వేయడంగాని, ఏ దుంపను ఎన్నిసార్లు వుడికిస్తే విషం పోతుందోగాని ఆమెకు నేర్పినది మా పక్కింటి కోయ ఆమె. అమ్మ ఆమెను "వదినె" అంటుంది. ఆమె కూడా అమ్మను "వదినె" అంటుంది. మేము అత్తమ్మ అంటాము. బొంత పరచడం ఇద్దరూ కలిసే చేస్తారు. ఒకరు ఆ కొసన, ఒకరు ఈ కొసన. నేను పడుకున్న బొంతలో మా తాత పంచె, నా బడి నిక్కరు, అత్తమ్మ ఎర్రచీర పక్కపక్కన వుండేవి.

పెరట్లోని చిక్కుడు విత్తనం కూడా అత్తమ్మ ఇచ్చినదే. దానితోపాటు ఒక నియమం వచ్చింది. కోయవారు కొత్తపంటను దేవతకు పెట్టకుండా నోట పెట్టరు. మామిడికి ఒక పండుగ, చిక్కుడుకు ఒక పండుగ. వారి మాటలో "పండుం". వేసవిలో విత్తనాలకే ఒక పండుగ వుంది, విజ్జ పండుం. వూరి పెద్దలు రోజు నిర్ణయించి, చిక్కుడు పండుం జరిగేదాకా కాయ ఎంత ముదిరినా తెంపరు. మా అమ్మ కోయది కాదు. అయినా వదినె ఇంట పండుం జరిగిందాకా తన పందిరిమీది కాయ ముట్టదు.

చదువుకునే రోజులలో దీనిమీద నేను అమ్మతో తగువు పడేవాణ్ణి. కాయ ముదిరి పీచుపడుతోంది, దేవత తింటుందా, మనం తింటామా అని వాదించాను. భద్రాచలం విషయంలోనూ అంతే. శ్రీరామనవమికి ముందు అమ్మ వడ్లు గోటితో వొలిచి తలంబ్రాల బియ్యం చేస్తుంది. గింజ విరగకూడదు. మిల్లు వుండగా గోళ్ళెందుకని నేను నవ్వేవాణ్ణి. ప్రభుత్వం ఏటా పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపే ఆ కళ్యాణానికి నీ గుప్పెడు బియ్యం ఎవరికి కావాలని కూడా అన్నాను. "వాళ్ళవి వాళ్ళు పంపుతరు, నావి నేను పంపుత" అన్నది. ఆ గుడిని గురించి చెప్పే స్థలకథలో మొదటి మనిషి పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ. పుట్టలో విగ్రహాలను చూసి, తాటాకు పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టింది. కంచర్ల గోపన్న, ఆయన కట్టించిన గుడి, గోల్కొండ చెర అన్నీ తరువాతి సంగతులు. జనం నోట గోపన్న పేరు ఎన్నిసార్లు వస్తుందో, దమ్మక్క పేరు ఎన్నిసార్లు వస్తుందో లెక్కవేసి చూడవచ్చు.

మతాన్ని గురించి మార్క్స్ అన్న ఒక్కమాట మనకు కంఠస్థం. దానికి ముందూ వెనకా వున్న వాక్యాలు చదివినవారు తక్కువ. నేనూ ఆలస్యంగానే చదివాను. అమ్మ దేవుణ్ణి నేను నమ్మను, ఇప్పుడూ నమ్మను. చిక్కుడు నియమం మాత్రం మూఢత్వమని కొట్టివేయలేకపోతున్నాను. వూరంతా ఒకేసారి తినాలి, ఒకడు ముందుగా తెంపుకుని అమ్ముకోకూడదు అన్న కట్టడి అందులో వున్నది కాబోలు. ఇది నా వ్యాఖ్యానమే. అత్తమ్మను అడిగితే "తల్లికి పెట్టకుండ ఎట్ల తింటం?" అన్నది, అంతే.

2022 ఫిబ్రవరిలో అమ్మ, అత్తమ్మ కలిసి మేడారం వెళ్ళి సమ్మక్క సారలమ్మలకు బెల్లం ఇచ్చి వచ్చారు. అదే ఏడు జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం వద్ద 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 53 దాటితే మూడవది. జూలై 16న నీటిమట్టం 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులు వచ్చిన తరువాత అంత నీరు ఎవరూ చూడలేదు. మా ఇంట్లోకి దూలం అందేటంత నీరు వచ్చింది. అమ్మను, అత్తమ్మను మెరకమీది బడిలో వుంచారు. నేను చేరేసరికి నాలుగు రోజులు పట్టింది.

ఒండ్రు ఎత్తిపోసే పనిలో ముందు బయటపడినవి బొంతలు. తడిసిన బొంతను ఇద్దరు మగవాళ్ళు కూడా లేపలేరని అప్పుడు తెలిసింది. మూడింటిని గోతిలో పూడ్చాము. అమ్మ ఆ గోతిపక్కన కూచుని ఏడ్చింది. తరువాత ట్రంకుపెట్టె తెరిచాము. అందులో మా తాతనాటి తెల్లకాగితం వుండాలి. దాని బదులు బూడిదరంగు ముద్ద వుంది. నేను కంగారుపడ్డాను. అమ్మ దానికేసి ఒకసారి చూసి, "అదెప్పుడు కాగితం గనుక" అన్నది.

ఆ కాగితం సంగతి ఇక చెప్పక తప్పదు. మా తాత 1972లో పాలేరు పక్క పల్లెనుంచి ఇక్కడకు వచ్చాడు. అత్తమ్మ మామగారి దగ్గర నాలుగెకరాల ఒండ్రునేల, ఇంటిస్థలం, పెరడు తీసుకున్నాడు. ఇచ్చినది రెండు బస్తాల జొన్నలు, మూడువందల రూపాయల బాకీ మాఫీ. సాదాబైనామా వ్రాసి వేలిముద్ర వేయించుకున్నాడు. అప్పటికి రెండేళ్ళ కిందటనే, 1970లో, 1/70 చట్టమని అందరూ పిలిచే నిబంధన వచ్చింది. 1959నాటి భూబదలాయింపు నిబంధనను సవరించి, ఏజెన్సీలో గిరిజనులు కానివారికి భూమి బదలాయించడాన్ని చెల్లదని చెప్పింది. గిరిజనేతరుని చేతిలో వున్న నేల గిరిజనునినుంచే వచ్చినదని ముందు భావించాలి, కాదని రుజువు చేసుకోవలసిన బాధ్యత అతనిదే అని కూడా చెప్పింది. మా తాతకు ఇది తెలియదని మా నాన్న అనేవాడు. తెలిసే వుంటుందని నా అభిప్రాయం. తెలియకపోతే కాగితం నలభై ఏళ్ళు ట్రంకుపెట్టె అడుగున ఎందుకు దాచినట్లు?

నది ఒడ్డు నేల పోయిన తరువాత అత్తమ్మ మామగారు అడవిలో పోడు కొట్టుకున్నాడు. ఆ పోడుకోసం ఆ ఇంటి మగవాళ్ళు అటవీశాఖవారి కేసులలో తిరిగారు. 2006లో అటవీహక్కుల చట్టం వచ్చింది. 2023లో పోడుపట్టాలు పంచినప్పుడు అత్తమ్మ పెద్దకొడుక్కు రాళ్ళనేల రెండెకరాలకు పట్టా వచ్చింది. ఒండ్రునేలలో మాత్రం అత్తమ్మ ఏటా మా మిరప ఏరే కూలికి వచ్చేది. సాయంకాలం మా అరుగుమీద కూచుని బొంత కుట్టేది. వదినె అన్న పిలుపులో అబద్ధమేమీ లేదు. ఆ పిలుపు వున్నంతకాలం నేల సంగతి ఎత్తకుండా ఇద్దరికీ గడిచిపోయింది, అంతే.

డోలి కోయలు తమ వంశాల, వేల్పుల చరిత్రను గుడ్డమీద బొమ్మలుగా నిలుపుకున్నారు, వాటిని పడిగెలంటారు. ఆ కథలను కంచుమేళంతో చెప్పిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన చనిపోయారు. ఏ గట్టువారు ఎక్కడనుంచి వచ్చారో ఆ గుడ్డ చెబుతుంది. కచేరీలో దానిని ఎవరూ సాక్ష్యంగా తీసుకోరు. అక్కడ కాగితం కావాలి. మా తాత వంటివారు ఆ సంగతి త్వరగా గ్రహించారు.

అత్తమ్మ మనవడు మా కాలేజీలోనే బి.ఏ. రెండవ సంవత్సరం చదువుతున్నాడు. పోయిన ఏడు నేను నా బొంత వ్యాసంలోని భాగాలు తరగతిలో చదివి వినిపించాను. అతుకుల ఐక్యత అనీ, నిరక్షరాస్యుల సౌందర్యదృష్టి అనీ గంటసేపు మాట్లాడాను. తరగతి అయిపోయాక ఆ కుర్రవాడు వరండాలో నిలబడి వున్నాడు.

"సార్, ఆ బొంతల మా నాయనమ్మ చీర ఉంది కదా?"

ఉన్నదన్నాను.

"వ్యాసంల చీర సంగతి రాసిన్రు. పొలం సంగతి కూడా రాస్తరా సార్?"

కోపంగా అడగలేదు. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందని అడిగినట్లు అడిగాడు. రాస్తాను అన్నాను. ఆ రాత్రి వ్యాసం తీసి చూస్తే అందులో ఒక్క పేరాకు కూడా నేలమీద కాళ్ళు లేవు.

ఆదివారం ఇంటికి వెళ్ళి తమ్ముడితో మాట్లాడాను. సాగు వాడిదే. వరద తరువాత చేసిన అప్పు ఇంకా తీరలేదు. "నీకు నెలకు జీతం ఉందన్నా. నీకు ఆదర్శం చవక" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. వాడి పిల్లల చదువు ఖర్చు నేను చూస్తానన్నాను. అది జవాబు కాదని వాడికీ తెలుసు. ఆనాటినుంచి వాడు నాతో మాట్లాడడం లేదు. అమ్మ మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. గిన్నెలు కడుగుతూ, "పొలం ఇస్తె ఇయ్యుండ్రి. పెరడు నేను పోయిందాక ఉంచమని అడుగు" అన్నది.

అడగడానికి వెళ్ళాను. ఆ ఇంటి అరుగుమీద నేను అంతకుముందు అన్నం తిన్నాను, నిద్రపోయాను. ఒక్కనాడూ అడిగేవాడిగా వెళ్ళలేదు. అత్తమ్మ ఇప్పగింజలు వొలుస్తోంది. నేను చెప్పినదంతా విన్నది.

"నోటితోనె ఇస్తవా కొడకా, రాసిస్తవా?"

ఏది కావాలంటే అది అన్నాను.

"మీ తాత రాపిచ్చుకున్నడు. నువ్వు నోటితో ఇస్తే మీ తమ్ముడు నోటితోనె తీసుకుంటడు. కచేరిల రాయి."

పెరడు సంగతి ఎత్తాను. ఆమె నవ్వింది. "అది మా వదినె నన్ను అడగాలె గాని, నిన్ను పంపుడేంది?"

చట్టం ప్రకారం సంబంధమున్నవారెవరు దరఖాస్తు పెట్టినా అధికారి విచారించి, నేలను అసలువారికో వారి వారసులకో అప్పగించవచ్చు. కుర్రవాడూ నేనూ కలిసి దరఖాస్తు తయారుచేశాము. తెలుగు ఎం.ఏ. చదివిన నాకంటె ఆ భాష అతనికే బాగా వచ్చింది. "అనుభవిస్తున్నారు" అని నేను వ్రాసినచోట కొట్టివేసి "ఆక్రమణలో వున్నారు" అని పెట్టాడు. నేను సంతకం చేశాను. తమ్ముడు తన అభ్యంతరం విడిగా పెట్టాడు. ఇప్పటికి రెండు వాయిదాలు అయినవి. రెండుసార్లూ విచారణ జరగలేదు. ఈలోగా మిరప నాటింది తమ్ముడే. ఏరడానికి అత్తమ్మ వస్తుందో రాదో తెలియదు. వస్తే కూలి ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది కూడా తేలలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చి ఇది వ్రాస్తున్నాను. పందిరిమీద చిక్కుళ్ళు గుత్తులుగా వేలాడుతున్నాయి. వూళ్ళో పండుం రోజు ఇంకా నిర్ణయం కాలేదు. అమ్మ ఒక్క కాయ కూడా తెంపలేదు. మధ్యాహ్నం అత్తమ్మ వచ్చి పెరట్లో నిలబడింది. ఇద్దరూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నేను వెళ్ళేసరికి మానేశారు. సాయంకాలం చావడిలో కొత్త బొంతకు అడుగుచీర పరిచారు. మూలలకు రాళ్ళు తెమ్మని నన్ను పంపారు. తెచ్చిన తరువాత అమ్మ దబ్బనం నా చేతికిచ్చి, కళ్ళు ఆనడం లేదు, దారం ఎక్కించమన్నది.